సోఫా ఎవరి కోసం?

మన ఇళ్లల్లో సోఫాసెట్టు కొనేది ఎవరి కోసం? ఈ మాట అడిగితే చాలామంది నవ్వుతారు. "కూర్చోడానికి కాకపోతే ఇంకెందుకు?" అంటారు. సరే, ఎవరు కూర్చోడానికి? వచ్చేపోయే చుట్టాలు, పేపరు చదివే మగవాళ్లు, టీవీ చూసే పిల్లలు. ఇల్లాలు అందులో తీరిగ్గా నడుం వాల్చేది ఎంతసేపు? ఆవిడకి దాంతో ఉన్న సంబంధమల్లా చీపురు, దుమ్ముగుడ్డ, కవర్లు. కొనేటప్పుడు మాత్రం ఆవిడని అడిగేది రంగు గురించే!

విశాఖలో సోఫాని కాపాడుకోవడం చిన్న పనేం కాదు. సముద్రపు గాలికి మేకులు తుప్పు పడతాయి. వానాకాలం చెమ్మకి స్పాంజి ముక్కవాసన వేస్తుంది. ఓడరేవు పక్కనున్న పాతవూళ్లో పొద్దున తుడిచిన చోటే సాయంత్రానికి నల్లటి పొడి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కిటికీ అద్దాలు పగిలి, వాన ఇళ్లల్లోకి కొట్టింది. తర్వాత బట్టలు ఆరేసుకున్నాం, పరుపులు మేడమీదికి మోసుకెళ్లాం. ముగ్గురు కూర్చునే సోఫాని మోసేదెవరు? దాని గుడ్డ ఊడి రాదు, లోపలి స్పాంజికి ఎండ తగలదు. మా వీధిలో ఎన్ని సోఫాలు అలాగే కుళ్లి చెత్తబండి ఎక్కాయో!

తుపాన్లు రాకపోయినా ఇల్లు మారక తప్పదు కదా. ఉక్కునగరం క్వార్టర్సులో ఏళ్ల తరబడి కాపురం చేసి, భర్త రిటైరయ్యాక ఖాళీ చేసిన ఇల్లాళ్లని అడగండి. గాజువాకలోనో కూర్మన్నపాలెంలోనో కొనుక్కున్న ఫ్లాటుకి ఆ టేకు సోఫా ఎక్కనంటుంది. మెట్ల మలుపులో ఇరుక్కుంటుంది. ఎలాగో ఎక్కించినా హాలంతా అదే! బదిలీల మీద తిరిగే నేవీ, బ్యాంకు కుటుంబాలకైతే కొన్నేళ్లకోసారి ఇదే తంతు.

ఈ చిక్కుకి యాభై ఏళ్ల కిందటే ఒక మహిళ జవాబు చూపించారు. ఆవిడ పేరు చీనీ బోయేరి. ఇటలీలోని మిలాన్‌లో 1924లో పుట్టారు. 1951లో అక్కడే ఆర్కిటెక్చర్ పట్టా పుచ్చుకున్నారు. ఆ రోజుల్లో ఆ చదువుకి వచ్చే ఆడపిల్లలు బహు తక్కువ. ముగ్గురు కొడుకుల్ని పెంచుతూ 1963లో సొంతంగా ఆఫీసు పెట్టుకున్నారు. లారా గ్రిజోత్తి అనే మరో మహిళతో కలిసి ఆర్‌ఫ్లెక్స్ అనే కంపెనీకి 'స్ట్రిప్స్' అనే సోఫాని రూపొందించారు. అది 1970ల మొదట్లో బజారులోకి వచ్చింది. 1979లో 'కొంపాస్సో దోరో' గెలుచుకుంది. డిజైను రంగంలో ఇటలీవాళ్లిచ్చే పెద్ద బహుమతి అది. బోయేరి 2020లో కన్నుమూశారు.

ఏమిటి దాని గొప్ప? స్ట్రిప్స్ విడివిడి ముక్కలుగా వస్తుంది. ఒకటే వేసుకుంటే కుర్చీ, పక్కపక్కన చేరిస్తే సోఫా. అదే వరసలో మంచం కూడా ఉంది. అన్నిటికీ మన బొంతలా చారలు చారలుగా కుట్టిన దళసరి కవరు. జిప్పు లాగితే ఊడి వస్తుంది. కుర్చీకి చొక్కా తొడిగినట్టన్నమాట! మురికైతే ఉతుకు, చిరిగితే మార్చు, సోఫా పాతదైందని పారేయక్కర్లేదు. ఆవిడే 1971లో 'సెర్పెంతోనె' అని ఇంకొకటి చేశారు. జాకెట్టుగుడ్డ కొన్నట్టు మీటర్ల లెక్కన కొనుక్కునే సోఫా అది!

ఇదేదో విదేశీ వింత అనుకోకండి. మన నులకమంచం పగలు గోడకి నిలబడేది, సాయంత్రం వాకిట్లోకి వచ్చేది, రాత్రికి పడకయ్యేది. నులక వదులైతే బిగించేవాళ్లు, తెగితే నులకే మార్చేవాళ్లు. మంచం మాత్రం తరాలు నిలిచేది. పీటలూ, చాపలూ అంతే... ఇంటి అవసరాన్ని బట్టి సామాను కదిలేది. ఇప్పుడు సామాను కదలదు, దాని చుట్టూ మనం తిరుగుతున్నాం.

విడిముక్కలైతే జరిగిపోతాయని, సందుల్లో చిల్లరా పెన్సిళ్లూ పడిపోతాయని కొందరంటారు. నిజమే, కింద కొక్కేలు పెట్టించుకుంటే ఆ బెడద ఉండదు. స్ట్రిప్స్ మరీ నేలకి దగ్గరగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న అత్తగారు అందులోంచి లేవలేరు. అందుకే బొమ్మ చూసి దించేయమనడం లేదు. దాని వెనకున్న ఆలోచన తీసుకుని, ఎత్తు మన ఇంట్లోవాళ్లకి తగ్గట్టు పెట్టించుకుందాం.

వడ్రంగికి వివరంగా చెబితే మన ఊళ్లోనే చేసిపెడతాడు. చేతులు లేని సీట్లు మూడు, మూలకి ఒకటి. ఏ ముక్కైనా ఒక్క మనిషి జరపగలిగేంత బరువే ఉండాలి. మేకులకి బదులు బోల్టులు వేయించండి. మన ఉప్పుగాలికి కొక్కేలు ఇత్తడివో స్టెయిన్‌లెస్ స్టీలువో అయితే మంచిది. ప్రతి కవరుకీ జిప్పు, అదనంగా ఇంకో జత కవర్లు. కాళ్లు చీపురు దూరేంత ఎత్తుండాలి. రోజూ కూర్చునే సీటు నలిగితే పక్కదాంతో చోటు మార్చొచ్చు, మరీ పాడైతే అదొక్కటే బాగుచేయించొచ్చు. బరువు లేకపోతే సోఫా కింద ఊడవడానికి ఆదివారం ఆయన తీరిక కోసం ఎదురుచూడక్కర్లేదు. "బరువు, మాకు చేతకాదు" అని తప్పించుకునే పిల్లలకీ ఇక వంక దొరకదు.

షాపులో అయినా వడ్రంగి దగ్గరైనా "వచ్చినవాళ్లు చూసి ఏమంటారో" అన్నది చివరి ప్రశ్నగా పెట్టుకుందాం. ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. దీన్ని నేనొక్కదాన్నే జరపగలనా? విప్పి ఉతకగలనా? ఇల్లు మారితే వెంట తీసుకెళ్లగలనా? ఇంకొకటి కూడా... పనంతా అయ్యాక, ఒక ముక్కని గాలొచ్చే కిటికీ పక్కకి లాక్కుని నేను కాసేపు కూర్చోగలనా? దీనికి కూడా అవునని జవాబొస్తేనే బయానా ఇవ్వండి.