తేదీ లేని జవాబులు

శ్రీహరికోట ఏ జిల్లాలో నున్నది? ఈ ప్రశ్నకు 2022 ఏప్రిల్ 3వ తేదీ వరకు నెల్లూరు అని వ్రాసిన విద్యార్థికి మార్కు వచ్చెడిది. మరునాటి నుండి ఆ జవాబే తప్పైనది. ద్వీపము కదలలేదు, పులికాట్ సరస్సు కదలలేదు, రాకెట్లు లేచు వేదిక అంగుళమైనను జరుగలేదు. జిల్లాల పునర్విభజనలో సూళ్లూరుపేట ప్రాంతము క్రొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరినది, అంతే. అయినను చేతి ఫోనులలో తిరుగుచున్న సామాన్య విజ్ఞానపు ప్రశ్నలలో కొన్నింట శ్రీహరికోట నేటికిని నెల్లూరు జిల్లాలోనే యున్నది. చంద్రయాన్-3 ఎగిరినది 2023 జూలై 14న, అనగా తిరుపతి జిల్లా ఏర్పడి ఏడాది దాటిన పిదప. ఆ ప్రయోగమును గూర్చిన ప్రశ్నకు సైతము పాత జిల్లా పేరు తోకవలె అంటుకొని వచ్చుట కలదు.

పొరపాటు చిన్నదే. కాని అది పుట్టిన తీరును, పుట్టిన పిదప చావక బ్రతుకుచున్న తీరును పరిశీలింపదగియున్నవి.

తిరుపతిలోను చిత్తూరులోను ఉద్యోగ పరీక్షలకు సిద్ధమగు యువతీయువకులలో అనేకులకు ఉదయము లేవగానే మొదట కనబడునది వార్తాపత్రిక కాదు. వాట్సాప్, టెలిగ్రామ్ బృందములలో రాత్రికి రాత్రి వచ్చి చేరిన 'బిట్లు'. పదియో ఇరువదియో ప్రశ్నలు, ఒక్కొక్కదానికి నాలుగేసి వికల్పములు, అడుగున జవాబులు. వ్రాసినవాడెవడో తెలియదు, పంపినవాడు మరియొకని వద్దనుండి తెచ్చి పంపినవాడు. ఈ వేడుకలో పాల్గొనువారు ఉద్యోగార్థులు మాత్రమే కారు. పదవీవిరమణ చేసిన గుమాస్తాలు, సెలవుదినమున తీరిక దొరకిన బడిపంతుళ్లు, పొడుపుకథ విప్పిన సంబరముతో అందరికన్న ముందుగా జవాబు నొక్కు గృహిణులు, ఎనిమిదవ తరగతి పిల్లలు, అందరును ఉన్నారు. ఊరూరను ఒక విద్వత్సభ వెలసినట్లున్నది.

దీనిని చులకన చేయుట న్యాయము కాదు. కుప్పములోనో వి.కోటలోనో ఉన్న బీదవిద్యార్థి తిరుపతికి వచ్చి, గది అద్దెకు తీసికొని, శిక్షణ కేంద్రమునకు రుసుము చెల్లింపలేడు. ఒకనాడు అట్టివానికి బస్టాండు దుకాణములో దొరకు జనరల్ నాలెడ్జి పుస్తకమే శరణ్యము. అదియును రెండేండ్ల పాతది. 16,347 ఉపాధ్యాయ పోస్టులతో మెగా డీఎస్సీ నిర్వహింతుమని ప్రభుత్వము 2024 జూన్‌లో నిర్ణయించిన నాటినుండి 2025లో పరీక్షలు ముగియువరకు, ఇట్టి ప్రశ్నలను పైకము లేకుండ పంచుకొనుట వలన ధైర్యము పొందినవారు తక్కువమంది కారు. తనకు తెలిసినది నలుగురికి పంచవలెనను బుద్ధి మంచి బుద్ధి. చిక్కు పంచుటలో లేదు. పంచబడుచున్న దానిలో ఏమి రాలిపోయినదన్న విషయములో నున్నది.

ప్రశ్నించి ఆనందించుట తెలుగువారికి క్రొత్త కాదు. అవధాన సభలో పృచ్ఛకుడు ఎదుటనే కూర్చుండును. ఆతని ప్రశ్న అసంగతమైనచో అవధాని అక్కడనే చురుక్కుమనిపించును. సభ్యులు విని నవ్వుదురు. తప్పెవరిదో ఆ పూటనే తేలిపోవును. (తిరుపతి వేంకటకవుల పేరిటనున్న తిరుపతి ఈ ఊరు కాదు, దివాకర్ల తిరుపతిశాస్త్రి పేరు, ఆ జంటకవులు గోదావరి సీమవారు. ఇదియును ఒక మంచి బిట్టు.) మన దేశమున బహిరంగ క్విజ్ పోటీలకు ఆద్యుడుగా చెప్పబడు నీల్ ఓబ్రయన్ 1967లో కలకత్తాలో మొదటి పోటీ నడిపినప్పుడును, హైదరాబాదులో 1972లో కె-సర్కిల్ అను క్విజ్ సంఘము ఏర్పడినప్పుడును ఈ పద్ధతియే సాగినది. ప్రశ్న అడుగువాడు అందరి యెదుట నిలుచును. 'అది తప్పు' అని వెనుక వరుసలోని వాడొకడు లేచి చెప్పవచ్చును. చెప్పినవాడు రుజువు చూపవలెను. జవాబు తెలిసికొనుట సగము వేడుక, దానిమీద జరుగు తగవు తక్కిన సగము.

క్విజ్ అను మాట పుట్టుకను గూర్చియే ఒక కథ కలదు. డబ్లిన్ నగరపు నాటకశాల యజమాని డేలీ అనువాడు 1791లో, అర్థము లేని ఒక మాటను ఒక్క దినములో ఊరంతట ప్రచారము చేయుదునని పందెము వేసి, రాత్రికి రాత్రి గోడలమీద ఈ మాట వ్రాయించి గెలిచెనట. కథ ముచ్చటగనే యున్నది. కాని 1791కి ముందటి వ్రాతలలోనే ఆ మాట కనబడుచున్నది. క్విజ్ ప్రియులు ఒకరికొకరు చెప్పుకొను కథలలో మొదటిదే నిలువలేదన్నమాట.

ఇక మన సీమకు వత్తము. చిత్తూరు ప్రాంతమును గూర్చిన ప్రశ్నలకు తేదీ లేకుండ జవాబు చెప్పుట దాదాపు అసాధ్యము. ఏటేట సెప్టెంబరు 5న ప్రతి పాఠశాలలోను అడుగు ప్రశ్ననే చూడుడు: సర్వేపల్లి రాధాకృష్ణన్ ఎక్కడ జన్మించెను? తిరుత్తణి అని పిల్లలందరును చెప్పుదురు. తిరుత్తణి ఏ జిల్లాలోనిది? ఆయన జన్మించిన 1888లో అది మద్రాసు రాజధానిలోని ఉత్తర ఆర్కాటు జిల్లాలో నుండెను. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు దానిలో కలిసినది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించినప్పుడు చిత్తూరుతోపాటు అదియును ఇటు వచ్చినది. కావున 1954లో ఆయనకు భారతరత్న ప్రదానమైననాడు తిరుత్తణి ఆంధ్రరాష్ట్రములోని ఊరు. ఉత్తరపు సరిహద్దు కొరకు మా.పొ. శివజ్ఞానము నాయకత్వమున తమిళులు జరిపిన ఆందోళనము, పటాస్కర్ సిఫారసులు, 1959 నాటి సరిహద్దుల మార్పు చట్టము, ఇవన్నియు అయిన పిమ్మట 1960 ఏప్రిల్ 1న అది మద్రాసు రాష్ట్రమునకు పోయినది. ఆ మార్పిడిలోనే సత్యవేడు ప్రాంతము చిత్తూరు జిల్లాకు వచ్చినది. ఆయన 1962 మే నెలలో రాష్ట్రపతి యగునాటికి జన్మస్థలము పొరుగు రాష్ట్రములో నున్నది. నేడది తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాకు చెందినది. రెండు రాష్ట్రముల ప్రజలు ఒక ఊరి కొరకు పడిన ఆరాటమంతయు బిట్టులో ఒక్క పదమై కూర్చున్నది. ఆ పదమును కంఠస్థము చేసిన విద్యార్థికి, సత్యవేడులో పాతతరమువారు కొందరు చెంగల్పట్టు జిల్లా కాలపు మాట ఏల ఎత్తుదురో తెలియదు.

మదనపల్లె సంగతియు ఇట్టిదే. 1911 వరకు కడప జిల్లాలో నుండి, చిత్తూరు జిల్లాలో నూటపదకొండేండ్లు గడపి, 2022లో అన్నమయ్య జిల్లాలోనికి వెళ్లినది. ఊరు మారకయే మూడు జిల్లాలు చూచినది. ఈ ఊరిని గూర్చి ఫోనులలో విరివిగ తిరుగునది జాతీయగీతమునకు సంబంధించిన ప్రశ్న. నిజమేమనగా, 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు ఇచ్చటి బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో బసచేసి, తన గీతమును పాడి వినిపించి, ఫిబ్రవరి 28న దానిని స్వయముగ ఆంగ్లమునకు అనువదించెను. అప్పటి ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్; ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ పాశ్చాత్య సంగీతమెరిగిన విదుషీమణి, ఆ గీతపు బాణీని స్వరపరచి వ్రాసినది ఆమెయే. గీతము మొదట పాడబడినది అంతకు ఏడేండ్ల క్రితము, 1911 డిసెంబరు 27న, కలకత్తా కాంగ్రెసు సభలో. చేతులు మారిన కొలది 'అనువదించెను' అన్నది 'రచించెను' అగుచున్నది. జనగణమన రచింపబడిన స్థలము మదనపల్లె యని పిల్లలు అప్పజెప్పుచున్నారు. ఉన్న గౌరవము చాలదన్నట్లు లేని గౌరవము తగిలించుట! యునెస్కో మన గీతమును ప్రపంచమున ఉత్తమ జాతీయగీతముగ ప్రకటించెనన్న వార్తయు ఈ వరుసలోనిదే. అట్టి ప్రకటన ఎన్నడును జరుగలేదు. అయినను ఏటేట ఆగస్టు నెల రాగానే అది తిరిగి లేచును. మదనపల్లె వారికి ఈ అబద్ధముతో పనిలేదు. వారి నిజమే దానికన్న సొగసైనది.

అన్నింటికన్న చిక్కైనది చంద్రగిరి ప్రశ్న. తిరుపతికి పడమట పదునొకండు పండ్రెండు కిలోమీటర్ల దూరమునగల ఆ కోటలోని రాజమహలులో 1640లో శ్రీరంగరాయలు మద్రాసులో కోట కట్టుకొను స్థలమును ఆంగ్లేయులకు దానమిచ్చెనని యాత్రికులు వినుచుందురు; బిట్లలోను అట్లే యుండును. శ్రీరంగరాయలు సింహాసనమెక్కినది 1642లో. రెండేండ్లు ముందుగ ఆయన దానమెట్లు చేసెను? 1639లో ఫ్రాన్సిస్ డే యను కంపెనీ ఉద్యోగికి ఆ తీరభూమిని మొదట అనుగ్రహించినవాడు విజయనగర ప్రభువునకు లోబడిన దామర్ల వేంకటాద్రి నాయకుడు. శ్రీరంగరాయలు వారికి పత్రమిచ్చినది 1645లో. ఈ రెండు సంగతులను ఒకటిగ కలిపివేసి, నడుమ ఒక సంవత్సరమును పెట్టుటచే కథ పుట్టినది. నాయకుడిచ్చిన పత్రపు తేదీలోనే తగవు కలదు. ప్రతులలో జూలై 22 అని యున్నది. డే ఆ తీరము చేరినదే జూలై చివరి వారములో. అందుచే అది ఆగస్టు 22 అయి యుండునని పరిశోధకులు సవరించిరి. చెన్నపట్టణపు పుట్టినదినమును నేడు ఆగస్టు 22ననే జరుపుకొనుచున్నారు. ఇంతటి రసవత్తరమైన చర్చ తొమ్మిదవ తరగతి పిల్లవానికి చెప్పినచో వాడు చంద్రగిరి కోటను వేరు కన్నులతో చూచును. 'చంద్రగిరి, 1640' అని మాత్రము చెప్పినచో సాయంత్రమునకు మరచిపోవును.

ఇవన్నియు పండితుల పట్టింపులని త్రోసివేయుటకు వీలు లేదు. ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ వారి వస్తునిష్ఠ పరీక్షలలో తప్పు జవాబునకు మూడవ వంతు మార్కు కోతపడుచున్నది. మూడు తప్పులు ఒక ఒప్పును మ్రింగును. అర మార్కు తేడాలో ఉద్యోగము జారిపోయిన ఇండ్లు ఈ సీమలో ఎన్నియో. అట్టి పరీక్షలలో ప్రాథమిక కీ విడుదలచేసి అభ్యంతరములు కోరుదురు. అభ్యంతరము చెప్పు అభ్యర్థి ఆధారము చూపవలెను: ఏ పుస్తకము, ఏ ముద్రణము, ఏ ప్రభుత్వ ఉత్తర్వు. అప్పుడు తెలియును, నెలల తరబడి ఫోనులో పోగుచేసిన వేల ప్రశ్నలలో ఒక్కదానికిని ఊరును పేరును లేదని. 'అందరును అట్లే పంపిరి' అన్నది ఏ కమిషన్ ముందరను చెల్లదు. అచ్చు పుస్తకములు తప్పులు చేయవని కాదు, తప్పకుండ చేయును; కాని పుస్తకమునకు మొదటి పుటలో ముద్రణ సంవత్సరముండును. 2019 నాటి పుస్తకములో శ్రీహరికోట నెల్లూరు జిల్లాలో నున్నదన్నచో అది తప్పు కాదు, ఆనాటి ఒప్పు. అదే వాక్యము ఫోనులో ఈ ఉదయమే పుట్టినట్లు వచ్చుచున్నది. యంత్రములే క్షణములో నూరు ప్రశ్నలు కూర్చి యిచ్చు సౌకర్యము వచ్చిన పిదప ఈ గందరగోళము తగ్గునని తలచుటకు హేతువు కనబడదు.

ఉపాధ్యాయులు తలచుకొన్నచో ఈ వేడుకనే పాఠముగ మలచవచ్చును. ప్రశ్న అడుగున 'ఈ తేదీ నాటికి' అనియు, 'ఈ గ్రంథము ననుసరించి' అనియు రెండు ముక్కలు వ్రాయనిదే తరగతిలో ఎవ్వరును బిట్టు చదువరాదని నియమము పెట్టుట కష్టము కాదు. అంతకన్న మేలైన పని, 'మన ఊరు 1910లో ఏ జిల్లాలో నుండెను' అని అడిగి పిల్లలను ఇంటికి పంపుట. మదనపల్లె, వాయల్పాడు పిల్లలు కడప అనియు, చిత్తూరు, పలమనేరు పిల్లలు ఉత్తర ఆర్కాటు అనియు తెత్తురు. ఇంటి దూలముపై పెట్టెలో పాత రిజిస్టరు దస్తావేజు దొరకినవాడు దానిని తెచ్చి బల్లమీద పరచును. ఆ కాగితము ఏ ఫోనులోను రాదు.

అట్టి తరగతిలో అడుగదగిన ప్రశ్న మరియొకటి కలదు. మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి పుట్టినదినమేది? కొన్ని గ్రంథములలో 1895 మే 11 అనియు, మరికొన్నింట మే 12 అనియు కలదు. ఆయన పుట్టినది అర్ధరాత్రి దాటిన అరగంటకు. పాశ్చాత్యుల లెక్కలో దినము అర్ధరాత్రితో మారును గావున మే 12. తెల్లవారుజామువరకు పూర్వదినమే యని లెక్కించు మన జ్యోతిష్కుల గణనలో మే 11. బిట్టులోని నాలుగు వికల్పములలో ఈ రెండును ఉన్నచో, కీ వ్రాయువాడు దేనికి మార్కు వేయును?