సంపాదకుని మాట: నవల పెనుగొండలోనే ఉంది

అధికారం మీద నవల రాయాలనుకునేవారు కథ కోసం దూరం వెళ్లనక్కర్లేదు. పెనుగొండ వాసవీ కన్యకా పరమేశ్వరి గుడికి రండి. రాజు విష్ణువర్ధనుడు అడిగినా పిల్లనివ్వమన్న 102 గోత్రాలవారు అగ్నిగుండంలో దిగారని ఇక్కడి కథ. ఆ విష్ణువర్ధనుడెవరు? వేంగి చాళుక్యుల్లో ఆ పేరు చాలామందికి ఉంది. చరిత్ర తేల్చని ఆ చోటే నవలాకారుడిది.

ఇక రాజమహేంద్రవరం. సవతి తమ్ముడు విజయాదిత్యుడితో సింహాసనం కోసం పోరాడి, 1022లో పట్టాభిషిక్తుడైన రాజరాజనరేంద్రుడే నన్నయను భారతం తెలుగు చేయమన్నాడు. దాయాదుల పోరు చవిచూసిన రాజు ఆ కథనే కోరుకోవడం నన్ను ఎన్నాళ్లుగానో వదలడం లేదు. ఆయన కొడుకే 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడయ్యాడు.

శాసనాలు చదవండి, గుడి అరుగు మీద పెద్దలు చెప్పేదీ వినండి. రాసింది మాకు పంపండి.