మొదటి నెలకే డబ్బుల్లేవు!

2024 చివర్లో మాస్టర్స్‌కని జర్మనీ వెళ్లాను. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు చూపించాలి. నాన్న పొలం తాకట్టు పెట్టి వేశారు. ఇక ఏడాది ఖర్చుకి ఢోకా లేదనుకున్నా.

కానీ ఆ డబ్బు నెలకి 992 చొప్పునే చేతికొస్తుంది. అదీ అక్కడ మామూలు ఖాతా తెరిచాకే. నా బ్యాంకేమో అడ్రస్ రిజిస్ట్రేషన్ కాగితం అడిగింది. దానికి ముందు గది ఉండాలి కదా! గది అద్దె 350, హీటింగ్ వేరే. మూడు నెలల అద్దె డిపాజిట్, అంటే 1,050. మొదటి అద్దెతో కలిపి 1,400. నా జేబులో ఉన్నవి 900.

రాత్రి నాన్నకి ఫోన్ చేశా. "ఇంకో అరవై వేలు కావాలి నాన్నా." కాసేపు మాట్లాడలేదు. "ఎప్పటికి?" అన్నారంతే.

డిపాజిట్‌ని మూడు నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు అక్కడి చట్టంలోనే ఉందని తర్వాత తెలిసింది. ముందే తెలిస్తే ఆ ఫోన్ తప్పేది.

మీరు వెళ్తుంటే బ్లాక్డ్ అకౌంట్‌ని లెక్కలోంచి తీసేయండి. డిపాజిట్, రెండు నెలల ఖర్చు విడిగా పెట్టుకోండి. టీవీ లేకపోయినా ఇంటికి నెలకి 18.36 యూరోల ప్రసార రుసుము కూడా రాసుకోండి. ఆ ఉత్తరం నాకొచ్చినప్పుడు అడ్రస్ తప్పేమో అనుకున్నా!