బీట్ తెచ్చుకున్నవాళ్ల బాకీ

మేం తెలుగులో ర్యాప్ రాసుకుని పాడేవాళ్లం. మైక్ పట్టే ముందు మాలో మేం ఒప్పుకున్న మాటలివి.

ఈ విద్య మా ఇంట పుట్టలేదు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూలో, 1973 ఆగస్టు 11న సిండీ అనే అమ్మాయి పెట్టిన పార్టీలో ఆమె అన్న, జమైకా నుంచి వచ్చిన డీజే కూల్ హెర్క్, రికార్డులు తిప్పాడు. ఎక్స్‌ప్రెస్‌వే కోసం వేల కుటుంబాలను లేపేసిన ప్రాంతం అది. వీధులకు వీధులే తగలబడుతున్న రోజులు. నల్లజాతి పిల్లలు, ప్యూర్టోరికో పిల్లలు కలిసి అక్కడ కట్టుకున్న కళ ఇది. ఆ బాకీ ప్రతి వేదిక మీదా చెబుతాం.

1982 నాటి ‘ది మెసేజ్’ సంగతి మాకు మరీ ముఖ్యం. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందానికి ఆ పాట చేయడం ఇష్టం లేదు. డాన్స్ చేయడానికి వచ్చినవాళ్లకు పేట కష్టాలు ఎవరికి కావాలి అనుకున్నారు. రికార్డు కంపెనీ నడిపే సిల్వియా రాబిన్సన్ పట్టు విడవలేదు. చివరికి బృందంలోంచి మెలీ మెల్ ఒక్కడే ర్యాప్ చేశాడు, డ్యూక్ బూటీతో కలిసి. 2002లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచదగ్గ రికార్డుల తొలి జాబితాకు 50 ఎంచితే అందులో ఇదొకటి. కనుక ఏ పాట పాడటానికి మాకు జంకు పుడుతుందో దాన్నే ముందు రాస్తాం.

పోలీసుల దౌర్జన్యంపై పాడినందుకు ఎన్.డబ్ల్యు.ఏ. అనే ర్యాప్ బృందం రికార్డు కంపెనీకి 1989లో ఎఫ్‌బీఐ నుంచి లేఖ వచ్చింది. ఆ ధైర్యానికి దండం. వాళ్ల పాటల్లో ఆడవాళ్ల మీద తిట్లు మాత్రం మాకొద్దు. 1993లో ‘యూనిటీ’ పాటతో క్వీన్ లతీఫా ఆ తిట్లను నిలదీసింది. మేం ఆమె పక్షం.

ట్యునీసియాలో ఎల్ జనరల్ అనే కుర్రాడు దేశాధ్యక్షుణ్ణే ఉద్దేశించి అరబిక్‌లో ర్యాప్ చేశాడు. 2011 జనవరిలో అరెస్టయ్యాడు. 2015లో కెండ్రిక్ లమార్ ‘ఆల్‌రైట్’ పాటను అమెరికా వీధుల్లో నిరసనకారులే ఎత్తుకున్నారు. ఎక్కడివాళ్లు అక్కడి గాయాన్ని పేరుపెట్టి పిలిచారు. నల్లజాతివాళ్లు జాతి వివక్షపై ఎలుగెత్తి పాడిన బీట్ మీద మేం కులం మాట ఎత్తకుండా పాడితే అది దొంగతనమే. గజ్జె కట్టి, గొంగడి వేసి గద్దర్ అడిగినవి మాకింకా అడగాల్సిన ప్రశ్నలే.

అందుకే శ్రీకాకుళం పిల్ల శ్రీకాకుళం యాసలోనే, పాతబస్తీ పిల్లాడు దక్కనీ కలిపే పాడతారు. ఎవరి యాసనూ దిద్దం. పార్టీల ఎన్నికల పాటలకు డబ్బు తీసుకోం. బీట్ ఎవరిదైతే వాళ్ల పేరు వేస్తాం. సైఫర్‌లో, అంటే గుండ్రంగా నిలబడి వంతులవారీగా పాడే చోట, కొత్తగా వచ్చినవాళ్లకే మొదటి వంతు.