నాదానికి బరువు ఎక్కడిది?

విజయవాడ గాంధీనగరంలో పెద్ద చిత్రం విడుదలైననాడు ఆట ముగిసి వెలుపలికి వచ్చే జనం మాటలు వింటే, వారు కథను గురించి మాత్రమే ముచ్చటించుకోవడం లేదని తెలుస్తుంది. మోతను గురించి మాట్లాడుకుంటున్నారు. ‘గుండె అదిరింది’ అని యువకులు మురిసిపోతూ చెప్పే మాటనే, అదే గుండెమీద చేయి వేసుకొని పెద్దవారు ఫిర్యాదుగా చెపుతున్నారు. మాట ఒక్కటే, తీర్పులు రెండు.

2021 డిసెంబరు 2వ తేదీన ‘అఖండ’ విడుదలైనప్పుడు ఈ రెండు తీర్పుల నడుమ దూరం స్పష్టంగా బయటపడినది. బోయపాటి శ్రీను దర్శకత్వంలో బాలకృష్ణ నటించిన ఆ చిత్రానికి తమన్ కూర్చిన నేపథ్యసంగీతంలో మంద్రధ్వనులదే రాజ్యం. 2025 డిసెంబరులో వచ్చిన రెండవ భాగానికీ సంగీతం ఆయనదే. ఈ వాదాన్ని అభిమానుల కలహమని కొట్టిపారవేయడం సులభం. కాని సంగీతం బరువెక్కినకొద్దీ శ్రోతకు దక్కేదేమి, దక్కకుండా పోయేదేమి అన్న ప్రశ్న ఇందులో ఇమిడి ఉన్నది.

ఈ బరువుకు పుట్టినిల్లు సినిమా కాదు, కర్మాగారం. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ ఇనుప పరిశ్రమకు పేరుమోసిన నగరం. 1965లో అక్కడి రేకుల కర్మాగారంలో పనిచేస్తున్న టోనీ అయోమీ అనే యువకుని కుడిచేతి రెండువేళ్ల కొసలు యంత్రంలో పడి తెగిపోయినవి. ఎడమచేతివాటం గల అతనికి గిటారు తీగలను నొక్కే చేయి అదే. అతడు వాద్యాన్ని విడువలేదు. వేళ్లకు తొడుగులు చేసికొన్నాడు. తరువాత తీగలను వదులుచేసి శ్రుతి దించి వాయించాడు. అతని బృందం బ్లాక్ సబ్బత్ 1970లో తొలి ఆల్బమును వెలువరించినది. హెవీ మెటల్ అనే సంగీతానికి అదే ఆరంభమని చాలమంది చెపుతారు. శ్రుతి దిగడం వెనుక ఒక కార్మికుని గాయం ఉన్నదన్నమాట.

కొంతకాలానికి యంత్రమే నేరుగా సంగీతంలోనికి వచ్చినది. 1976లో లండనులో థ్రాబింగ్ గ్రిసిల్ బృందంవారు నెలకొల్పిన రికార్డుల సంస్థ పేరే ‘ఇండస్ట్రియల్ రికార్డ్స్’. 1980లో బెర్లినులో పుట్టిన మరొక బృందం పాత ఇనుమును, బెజ్జాలు తొలిచే యంత్రాలను వాద్యాలుగా వేదిక ఎక్కించినది. ఈ యంత్రఘోషకు మెటల్ గిటారు తోడుకాగా ఇండస్ట్రియల్ మెటల్ ఏర్పడినది.

ఆ మార్గంలో నైన్ ఇంచ్ నెయిల్స్ పేరిట పాడిన ట్రెంట్ రెజ్నర్ కథ ఇక్కడ తలచుకోదగినది. 1989లో వచ్చిన అతని మొదటి ఆల్బము కాలు కదిపించే లయ గలది. 1992లో వచ్చిన ‘బ్రోకెన్’ అంతకంటె ఎంతో బరువైనది. తొలి ఆల్బములోని లయకు అలవాటుపడిన చెవులకు అది దెబ్బవంటిది. ఆగ్రహానికి తగిన గొంతు దొరికినదనుకొన్నవారికి అది ఊరట. అందులోని ఒక పాటకు 1993లో మెటల్ విభాగపు గ్రామీ బహుమతి లభించినది. అయితే అంత ఘోషనడుమ కూడ మాటలులేని ఒక చిన్న, నెమ్మదైన వాద్యఖండాన్ని రెజ్నర్ నిలిపాడు. ఆ నెమ్మదినుంచి బయటపడి విన్నప్పుడే తరువాతి దెబ్బ బరువు తెలుస్తుంది. అటుపిమ్మట అతడు సినిమాకు వచ్చి, అట్టికస్ రాస్‌తో కలిసి కూర్చిన ‘ది సోషల్ నెట్‌వర్క్’ సంగీతానికి 2011లో ఆస్కారు అందుకొన్నాడు. కర్మాగారంలో పుట్టిన ధ్వని ఈ విధంగా వెండితెరకు చేరినది.

కృష్ణా డెల్టాకు ఆ ధ్వని చేరిన తీరు వేరు. విజయవాడలో 1921లో మారుతీ సినిమా వెలసినప్పుడు తెరకు మాటే లేదు. మాట వచ్చిన తరువాత ఆ మాటే సర్వస్వమైనది. పద్యనాటకాలు చూచి, ఒక్కొక్క పద్యాన్ని మళ్లీ మళ్లీ పాడించుకొని పెరిగిన ప్రాంతమిది. గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల గొంతులో అక్షరం ఒక్కటైనా జారిపోకపోవడం ఈ నేల శ్రోతలకు సంగీతానికి కొలత. 1948లో విజయవాడ రేడియో కేంద్రం ఏర్పడిన తరువాత ఆ కొలత ఇంటింటికీ చేరినది. కనుక ‘మాట వినబడలేదు’ అని పెద్దలు చేసే ఫిర్యాదు వయసువల్ల వచ్చిన చాదస్తం కాదు. అది ఒక శిక్షణనుంచి వచ్చిన తీర్పు.

యువకుల పక్షాన కూడ న్యాయమున్నది. ఇంటర్మీడియట్ కళాశాలల వసతిగృహాలలో తెల్లవారుజామునుంచి రాత్రి పొద్దుపోయేవరకు ర్యాంకు కోసం కూర్చుండే విద్యార్థికి బిగ్గరగా అరిచే అవకాశం ఎక్కడున్నది? చీకటి హాలులో రెండున్నర గంటలసేపు తన పక్షాన అరిచే సంగీతం అతనికి కావలసినదే. మంద్రధ్వని స్వభావం కూడ అందుకు అనుకూలిస్తుంది. అతి మంద్రమైన ధ్వనులను మనిషి చెవి సులభంగా పట్టలేదు. అవి వినబడవలెనంటే వాటి వెనుక శక్తి ఎంతో హెచ్చుగా ఉండవలె. ఆ శక్తి చెవితో ఆగక రొమ్ముకు, కూర్చున్న కుర్చీకి తగులుతుంది. చెవితో విన్నదానిని మనస్సు తూచగలదు. రొమ్ముతో విన్నదానిని తూచేలోపుగానే దేహం లొంగిపోతుంది.

ఒక వైచిత్రిని మాత్రం గుర్తించక తప్పదు. విజయవాడ ఆటోనగరులో తెల్లవారినదిమొదలు రేకుమీద సుత్తి పడుతూనే ఉంటుంది. బర్మింగ్‌హామ్‌లో అటువంటి చప్పుడు పాటకు ప్రాణమైనది. ఇక్కడి తెరసంగీతంలో దానికి చోటు అరుదు. ఇక్కడ నాదం బరువెక్కేది నాయకుడు రంగప్రవేశం చేసేటప్పుడు, అతని చేయి లేచినప్పుడు. అక్కడ మోత అనుభవించినదానికి సాక్ష్యం. ఇక్కడ మోత బలానికి చేసే జేజే. జేజేలో తప్పులేదు. కాని సన్నివేశం తరువాత సన్నివేశం జేజేలే అయినప్పుడు ఏ ఒక్కటీ గుర్తుండదు.

బరువును ప్రేమించేవారే ఈ సంగతిని ఒకప్పుడు లోకానికి చాటారు. 2008 సెప్టెంబరులో మెటాలికా బృందం ‘డెత్ మ్యాగ్నెటిక్’ ఆల్బమును వెలువరించినప్పుడు వేలమంది శ్రోతలు దానిని మళ్లీ మిశ్రమం చేయవలెనని కోరుతూ సంతకాలు చేశారు. వారు మెల్లని పాటలు కోరినవారు కారు. మెటల్ అంటే చెవికోసుకొనేవారు. వారి ఆక్షేపణ ఒక్కటే: మెల్లని ధ్వనిని పైకి లాగి, గట్టి ధ్వనిని అదిమి, అంతటినీ ఒకే ఎత్తుకు తెచ్చినందువల్ల దెబ్బకు దెబ్బతనం పోయినదని. అదే ఆల్బము ఒక వీడియో ఆటకోసం వేరుగా వచ్చినప్పుడు అందులో హెచ్చుతగ్గులు మిగిలి ఉండడాన్ని వారే పోల్చి చూపారు. బరువు వేరు, బిగ్గర వేరు అని చెప్పినవారు ఆ బరువుకు అభిమానులే కావడం గమనించదగినది.

ఈ భేదం డెల్టాకు కొత్తది కాదు. పొన్నెకల్లు నాజర్ వంటివారు ప్రజల ముందు నిలిపిన బుర్రకథలో గుమ్మెటల మోత సామాన్యమైనది కాదు. కాని కథకుడు నోరు విప్పినప్పుడు గుమ్మెట తగ్గుతుంది. వీరుడు నేలకొరిగేచోట తంబుర ఒక్కటే మిగులుతుంది. ఆ తరువాత గుమ్మెట మళ్లీ లేచినప్పుడు మైదానమంతా లేచేది. ఆ బరువు వాద్యానిది కాదు, దానికి ముందు కథకుడు పాటించిన నిదానానిది.

చెవి సంగతి కూడ ఉన్నది. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్లవద్ద వారానికి 40 గంటలు వినవచ్చును. 90కి చేరితే 4 గంటలే. పది అంకెలు పెరిగితే శక్తి పదింతలవుతుంది. వినికిడి ఒకసారి పోతే తిరిగి రాదు. సినిమాహాలులో టిక్కెట్టు కొన్నవాడు లేచి వెళ్లగలడు. వినాయకచవితి ఊరేగింపులో లారీమీద పేర్చిన డీజే పెట్టెల ముందు ఇంటిలోని పసిబిడ్డకు, మంచంపట్టిన ముసలివారికి ఆ వీలు లేదు. 2000 సంవత్సరపు ధ్వనికాలుష్య నిబంధనలు నివాసప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్లని హద్దు గీసినవి. వీధి మోతను ఆ నిబంధన అదుపు చేయవలె. హాలులోపలి సంగీతాన్ని మాత్రం అదుపు చేయవలసినది అభిరుచే.

ఆ అభిరుచి శ్రోత చేతిలో ఉన్నది. పెద్దలు అడిగే మాట, యువకులు అడిగే అదురు ఒకదానికొకటి శత్రువులు కావు. రెండింటికీ కావలసినది నడుమ కాస్త నిశ్శబ్దం. అది దొరికితే మాట వినబడుతుంది, దెబ్బా తగులుతుంది. అది లేనప్పుడు మాట పోయి పెద్దలు నష్టపడతారు. దెబ్బ మొద్దుబారి యువకులూ నష్టపడతారు. గాంధీనగరంలో హాలు విడిచి వచ్చే యువకుడు ‘గుండె అదిరింది’ అనడంతో ఆగక, ఎక్కడ అదిరినదో కూడ చెప్పగలిగిననాడు ఆ సంగీతం నిజంగా బరువైనదని ఒప్పుకోవచ్చును.