మన పెరడు: నీడను కొలిచే కర్ర

యానాం నుంచి ఒక సోదరి ఇలా రాశారు: "మా అత్తగారు వేసిన కొబ్బరి చెట్ల కింద రెండేళ్లుగా పసుపు దుంప ఊరడం లేదు. నీడ ఎక్కువైందని, నాలుగు చెట్లు కొట్టిద్దామని మా అబ్బాయి అంటున్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి ఆవిడ సరిగ్గా అన్నం తినడం లేదు. ఏం చెయ్యమంటారు?"

అమ్మా, గొడ్డలి పట్టే ముందు నీడను కొలవండి.

ఈ విషయంలో కంటి సాక్ష్యం చెల్లదు. చీకటి గదిలో కాసేపటికి చూపు సర్దుకున్నట్టే చెట్టు కిందా సర్దుకుంటుంది. పైగా ఆకులు ఎరుపు, నీలం వెలుగును ఎక్కువగా మింగి, ఆకుపచ్చను కొంత వదిలేస్తాయి. మన కంటికి బాగా ఆనేది ఆ పచ్చ వెలుగే!

శాస్త్రజ్ఞులు ఇందుకు చేత్తో పట్టుకునే ఒక పరికరం వాడతారు. దాదాపు మీటరు పొడవున్న సన్నని బద్ద మీద వరసగా పదుల కొద్దీ సెన్సార్లుంటాయి. ఆకుల సందుల్లోంచి పడే ఎండ మచ్చలనూ, నడుమనున్న నీడనూ కలిపి అది సగటు చెబుతుంది. మొక్క ఆహారం తయారు చేసుకునే 400 నుంచి 700 నానోమీటర్ల వెలుగునే లెక్కిస్తుంది. ఆరుబయట నిండు ఎండలో సుమారు 2000 అంకె చూపి, చెట్టు కింద 500 చూపితే, నాలుగో వంతు వెలుగే కిందికి దిగుతున్నదన్నమాట.

అది ఖరీదైన వస్తువు. మన అంచనాకు మీటరు బద్ద చాలు. మబ్బులేని రోజు మిట్టమధ్యాహ్నం దాన్ని చెట్ల కింద నేల మీద పెట్టండి. నూరు సెంటీమీటర్లలో ఎన్నింటి మీద ఎండ పడిందో లెక్కపెట్టండి. మసక మచ్చలను సగం కింద కట్టండి. పది చోట్ల చేసి సగటు తీయండి. ఉదయం తొమ్మిదికీ, మధ్యాహ్నం మూడుకీ మళ్లీ చూడండి. నీడ ఒకచోట నిలవదు కదా!

చెట్ల వయసూ ముఖ్యమే. సుమారు ఎనిమిదో ఏడు నుంచి పాతికేళ్ల దాకా కొబ్బరి కింద వెలుగు బాగా తక్కువ. తర్వాత మాను ఎత్తు పెరిగే కొద్దీ వెలుగూ పెరుగుతుంది. పసుపు కొంత నీడను ఓర్చుకునే పంట. సగటు సగానికి దగ్గరగా వస్తే తప్పు చెట్లది కాకపోవచ్చు. నీరు నిలుస్తోందేమో, దుంప కుళ్లుతోందేమో తవ్వి చూడండి. మరీ తక్కువ వస్తే చెట్ల జోలికి పోకుండా పసుపునే ఎండ తగిలే వైపు వెయ్యండి.

బద్ద మనవడి చేతికి, లెక్క రాసే కాగితం నాయనమ్మ చేతికి ఇవ్వండి. వచ్చిన అంకెలు మాకు రాయడం మరవకండి.