ఇల్లు అద్దెకిచ్చే, అమ్ముకునే మనవాళ్ళతో నాలుగు మాటలు

మనకి ఇల్లు అద్దెకివ్వరని చాలాసార్లు రాసుకున్నాం. ఇల్లు అద్దెకిచ్చే మనవాళ్ళ గురించి మాత్రం పెద్దగా రాసుకోలేదు. మొన్నమొన్నటిదాకా అద్దెకివ్వటానికి మనకి ఇల్లెక్కడిది? కాలవగట్టు మీద పాక, లేకపోతే కామందు దయతలచి వేసుకోనిచ్చిన గుడిసె.

ఇప్పుడు సంగతి కొంత మారింది. చదువుకుని ఉద్యోగాల్లో చేరినవాళ్ళు అప్పో సప్పో చేసి మండల కేంద్రాల్లో, పట్నాల్లో ఇళ్ళు కట్టుకున్నారు. కింద తాముండి పైన రెండు గదులు అద్దెకిస్తున్నారు. ఊళ్ళల్లో కాలనీల పక్కగా రోడ్లు పడ్డాయి. ప్రభుత్వం ఇచ్చిన సెంటు, సెంటున్నర జాగాకి కూడా ధర వచ్చింది. కొనేవాడు తనంతట తానే వచ్చి మన అరుగు మీద కూర్చుంటున్నాడు. వెనక ఏనాడూ మన వాడలో మంచినీళ్ళు తాగనివాడు ఇప్పుడు టీ కూడా తాగుతున్నాడు. ఎందుకు తాగుతున్నాడో ఆలోచించాలి.

భూమీ, ఇల్లూ తరతరాలుగా ఉన్న కులాల్లో పిల్లలు అన్నం తింటూనే దస్తావేజు, సరిహద్దులు, లింకు డాక్యుమెంటు, ఇ.సి. అనే మాటలు వింటారు. మనం ఆ మాటలు నలభయ్యేళ్ళు వచ్చాక సబ్ రిజిస్ట్రారు ఆఫీసు బయట, దస్తావేజు లేఖరి బల్ల దగ్గర మొదటిసారి వింటున్నాం. మన ఇళ్ళు పోతున్నది ఈ తేడాలోనే. అందుకని యజమానులం కావటం కూడా నేర్చుకోవాలంటున్నాం. కాగితం విషయంలో ఎవర్నీ గుడ్డిగా నమ్మకుండా, కులం విషయంలో ఎవర్నీ గుమ్మం దగ్గరే ఆపకుండా యజమానులం కావాలి.

పట్టా ఎవరి పేర, ఏ షరతుతో?

ఇల్లు అమ్మాలన్న ఆలోచన రాగానే మొదట చెయ్యాల్సింది పెట్టెలోంచి పట్టా తీసి చదవటం. చదవటం రాకపోతే బడిలో మాలాంటి వాళ్ళ దగ్గరకి తీసుకురండి. మూడు సంగతులు చూడాలి. పట్టా ఎవరి పేర ఉంది? సర్వే నంబరు, హద్దులు, విస్తీర్ణం ఎంత? అమ్మకం మీద షరతు ఏమైనా ఉందా?

పేదలకిచ్చిన స్థలాలు చాలావరకు ఆడవాళ్ళ పేర ఉన్నాయి. అలాంటిచోట భర్త సంతకం పెట్టినా, కొడుకు వేలిముద్ర వేసినా అమ్మకం చెల్లదు. ఆమెకి తెలియకుండా సారా కొట్టు దగ్గరో, టీ కొట్టు దగ్గరో బయానా పుచ్చుకుని వచ్చే మగవాళ్ళకి ఈ మాట గట్టిగా చెప్పాలి.

రెండోది డి-పట్టా సంగతి. తెలంగాణ మిత్రులు లావణి పట్టా అంటారు. 1977లో వచ్చిన అసైన్డు భూముల బదలాయింపు నిషేధ చట్టం ప్రకారం పేదలకిచ్చిన అసైన్డు భూమిని అమ్మటం, కొనటం చెల్లదు. కొన్నవాడికి శిక్ష కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ళ స్థలాలకి 2019లో సడలింపు ఇచ్చి, ఇరవయ్యేళ్ళు దాటితే అమ్ముకోవచ్చన్నారు. 2021లో ఆ గడువుని పదేళ్ళకి తగ్గించారు. ఆ సవరణలు తెలంగాణకి వర్తించవు. ఇంటి స్థలానికిచ్చిన సడలింపుని సాగు భూమికి అంటగట్టుకుని మోసపోవద్దు.

మరి మన స్థలం ఏ లెక్కలో ఉందో ఎలా తెలుస్తుంది? రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితా ఒకటుంటుంది. మన సర్వే నంబరు అందులో ఉందో లేదో తహసీల్దారు ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. నోటిమాట జవాబు తీసుకోవద్దు. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో రాసివ్వాలి.

“చట్టం సంగతి వదిలెయ్యవయ్యా, తెల్లకాయితం మీద రాసుకుందాం” అని కొనేవాడు అంటాడు. ఎందుకంటాడు? రిజిస్ట్రీ కాదని అతనికి తెలుసు కాబట్టే. ఆ సాకు చూపించి పది రూపాయల వస్తువుని మూడు రూపాయలకి అడుగుతాడు. తర్వాత చట్టం మారినప్పుడు ఆ లాభమంతా అతనిదే. చట్టం మన చేతులు కట్టేసింది అనుకుంటాం గానీ, ఆ చట్టమే లేకపోతే ఎన్ని కాలనీలు ఈపాటికి పెద్దోళ్ళ గొడ్లచావిళ్ళు అయ్యుండేవో.

అప్పుకి అమ్మకం రాయొద్దు

ఆస్పత్రి ఖర్చుకో, పిల్ల పెళ్ళికో, కాలేజీ ఫీజుకో అప్పు కావాలి. ఇచ్చేవాడు “నమ్మకం కోసం ఇల్లు నా పేర రాయి, డబ్బు కట్టగానే తిరిగి రాసిస్తా” అంటాడు. ఇది మన ఊళ్ళల్లో రోజూ జరిగేదే. ఇందులో ఉన్న మెలిక తెలుసుకోవాలి. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 58వ సెక్షను ప్రకారం, తిరిగి రాసిస్తానన్న షరతు అదే దస్తావేజులో ఉంటేనే అది తనఖా కిందికి వస్తుంది. నోటితో చెప్పినా, వేరే కాగితం మీద రాసిచ్చినా లాభం లేదు. అమ్మకం అమ్మకమే. అప్పు తీర్చినా ఇల్లు తిరిగిరాదు.

అప్పుకి తనఖా రాయండి, అమ్మకం రాయొద్దు. తనఖా పత్రంలో అసలు ఎంత, వడ్డీ ఎంత, గడువెప్పుడు అన్నది ఉండాలి. కట్టిన ప్రతి పైసాకి రసీదు తీసుకోవాలి. ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం ఎవరికీ పెట్టొద్దు. మేనమామ అడిగినా పెట్టొద్దు.

అమ్మక తప్పకపోతే

అమ్మటమే గతి అయినప్పుడు ముందు కాలనీలో చెప్పండి. వేరుపడదామని స్థలం వెతుక్కునే కుర్రాళ్ళు మనలోనే ఉంటారు. ఎవరూ ముందుకు రాకపోతే బయటికి పోదాం. ఒక బ్రోకరు చెప్పిన ధరకి ఒప్పుకోకండి. పక్క బజార్లో ఈ ఏడాది గజం ఎంతకి పోయిందో ముగ్గుర్ని అడగండి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ప్రభుత్వ విలువ ఎంతో తెలుసుకోండి. ప్రభుత్వ విలువ వేరు, బజారు ధర వేరు. మన దగ్గర మొదటిదాన్ని చూపించి కొంటారు, రేపు అమ్మేటప్పుడు రెండోదానికి అమ్ముతారు.

బయానా తీసుకునేటప్పుడే ఒప్పందం రాయించాలి. మొత్తం ధర, ఇచ్చిన బయానా, మిగతాది ఏ తేదీలోగా ఇవ్వాలి, ఇవ్వకపోతే ఏమిటి అన్నవి అందులో ఉండాలి. తేదీ లేని ఒప్పందంతో ఏళ్ళ తరబడి మన ఇంటిని ఎటూ కాకుండా వేలాడదీస్తారు. ఇంకొకటి. స్థిరాస్తి బేరంలో 20 వేలు గానీ అంతకు మించి గానీ నగదుగా తీసుకోకూడదని 2015 నుంచి ఆదాయపు పన్ను చట్టంలో నిబంధన ఉంది. తీసుకున్నవాడికే జరిమానా. బ్యాంకు ద్వారానే తీసుకోండి. అది మనకే రక్ష, లెక్క మిగులుతుంది.

దస్తావేజులో “సొమ్ము యావత్తు ముట్టినది” అని ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యం కింద సంతకం పెట్టాక ఇంకా రెండు లక్షలు రావాలి మొర్రో అని మొత్తుకుంటే వినే కోర్టు దొరకటం కష్టం. డబ్బు ఖాతాలో పడ్డాకే సంతకం, సంతకమయ్యాకే తాళంచెవి. ఈ వరస తప్పొద్దు.

జి.పి.ఏ. రాసిస్తే చాలని కొందరు చెప్తారు. జి.పి.ఏ. ద్వారా హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. కొనేవాడికి హక్కు రాదు, మనకి తలనొప్పి పోదు. మన పేర మీద అతను ఏం చేసినా రేపు నోటీసు మన గుమ్మానికే వస్తుంది.

తండ్రి సంపాదించిన ఇల్లయితే, ఆయన వీలునామా రాయకుండా పోతే, కొడుకులొక్కరే అమ్మటానికి వీల్లేదు. 1956 హిందూ వారసత్వ చట్టంలో భార్యకి, కొడుకులకి, కూతుళ్ళకి, బతికుంటే ఆయన తల్లికి సమాన వాటా. క్రైస్తవులైన మనవాళ్ళకి 1925 వారసత్వ చట్టం వర్తిస్తుంది. అందులో భార్యకి మూడో వంతు, మిగతాది కొడుకులకీ కూతుళ్ళకీ సమానంగా. ఏ చట్టం చూసినా ఆడపిల్లకి వాటా ఉంది. కట్నమిచ్చి పంపించాం గదా అంటే కుదరదు. అక్కచెల్లెళ్ళ చేత సంతకం పెట్టించుకోవటం కాదు, వాళ్ళ వాటా డబ్బు వాళ్ళ చేతికివ్వాలి.

అద్దెకిచ్చేటప్పుడు

మనవాళ్ళే గదా అని నోటిమాట మీద ఇస్తున్నారు. తర్వాత కరెంటు బిల్లు దగ్గర మొదలై పంచాయితీ దాకా పోతున్నారు. చిన్న ఒప్పందం రాసుకుంటే స్నేహం చెడదు, నిలుస్తుంది. ఏడాదికి మించిన ఒప్పందం రిజిస్ట్రీ చెయ్యాలి. అందుకే జనం పదకొండు నెలలకి రాసుకుంటారు. అద్దె ఎంత, ఏ తేదీకి ఇవ్వాలి, అడ్వాన్సు ఎంత, నీళ్ళు, కరెంటు ఎవరు కట్టాలి, సున్నం ఎవరు వెయ్యాలి, ఖాళీ చేసేముందు ఎన్ని రోజులకి చెప్పాలి, ఇవన్నీ రాయాలి. చేరిన రోజు మీటరు రీడింగు ఇద్దరూ కలిసి రాసుకోవాలి. అద్దె ముట్టిన ప్రతినెలా రసీదు ఇవ్వాలి.

అడ్వాన్సు ఆరు నెలలది, పది నెలలది అడిగే పద్ధతి మనకొద్దు. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం నివాసపు ఇంటికి రెండు నెలల అద్దెకి మించొద్దంది. నమూనాయే కావచ్చు, మనకి కొలతగా పెట్టుకుంటే తప్పులేదు. ఖాళీ చేసిన రోజే లెక్క చూసి మిగిలింది తిరిగి ఇచ్చెయ్యాలి.

ఖాళీ చెయ్యమనాలంటే రాతపూర్వకంగా గడువు ఇవ్వాలి. సామాను బయటపడెయ్యటం, కరెంటు పీకటం, తాళం వెయ్యటం చట్టవిరుద్ధం. అలా గెంటేసినవాళ్ళ మీద ఆర్నెల్లలోగా దావా వేసి తిరిగి ఇంట్లోకి రావటానికి 1963 నాటి చట్టంలో వీలుంది. చట్టం సంగతి అటుంచండి. 1985లో కారంచేడు నుంచి మనవాళ్ళు చీరాలకి, 1991లో చుండూరు నుంచి తెనాలికి కట్టుబట్టలతో వెళ్ళారు. సామాను రోడ్డు మీద పడితే ఎలా ఉంటుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మన ఇంట్లో దిగిన పెద్దకులపోడు అద్దె ఎగ్గొట్టి, కులం పేరుతో తిట్టి, ఇల్లు మాదే అనేదాకా వస్తే భయపడొద్దు. మన ఇంటి మీద మన హక్కుని అడ్డుకోవటం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. అయితే ఉత్త అద్దె బాకీకి ఆ చట్టాన్ని లాగొద్దు. దానికి వేరే దారులున్నాయి. అలా వాడితే చట్టమే పలచనవుతుంది.

“మీరేమిట్లు?” అని అడక్కండి

1917లో విదేశాల్లో చదివొచ్చిన అంబేద్కర్ గారికి బరోడాలో ఉద్యోగం దొరికింది గానీ ఉండటానికి గది దొరకలేదు. పార్సీ సత్రంలో కులం దాచి ఉంటే పదకొండో రోజున కర్రలతో వచ్చి ఖాళీ చేయించారు. వందేళ్ళు దాటింది. మా ఉపాధ్యాయుల్లో కొత్తగా బదిలీ అయి వచ్చినవాళ్ళని ఈనాటికీ ఇంటి పేరడుగుతారు. ఊరడుగుతారు. ఊళ్ళో ఏ బజారని అడుగుతారు. ఏదీ పనిచెయ్యకపోతే “నీసు తింటారా” అంటారు. అంటరానితనం పేరుతో ఎవరినీ ఫలానా చోట కాపురం ఉండకుండా ఆపటం 1955 పౌరహక్కుల రక్షణ చట్టం నాలుగో సెక్షను కింద నేరమే. “ఇల్లు ఇప్పుడే ఇచ్చేశామండీ” అన్న మాట వెనక ఆ నేరం దాక్కుంటోంది.

ఇక మన సంగతి చూసుకుందాం. టు-లెట్ బోర్డు పెట్టిన మాల ఇంటాయన మాదిగ కుటుంబం వస్తే నసుగుతున్నాడా లేదా? మాదిగ ఇంటాయన రెల్లివాళ్ళు వస్తే, డక్కలివాళ్ళు వస్తే ఏమంటున్నాడు? ముస్లిం కుటుంబం వస్తే? భర్త లేని ఆడమనిషి ఇద్దరు పిల్లలతో వస్తే? “నాకేం లేదు గానీ పక్కింటోళ్ళు ఒప్పుకోరు” అంటున్నాం. ఈ మాట మనం ఎక్కడ విన్నాం? మనకి ఇల్లివ్వనివాడు కూడా ఇదే అన్నాడు. ఇల్లు కట్టుకోగానే వాడి నోటిమాట మన నోటికి రావటమేమిటి?

మన హాల్లో అంబేద్కర్ ఫోటో చూసి “మళ్ళీ వచ్చి చెప్తాం” అని వెళ్ళిపోయేవాళ్ళున్నారు. ఫోటో తీసి అటక మీద పెట్టమని సలహా ఇచ్చే బంధువులూ ఉన్నారు. తియ్యొద్దు. నెల అద్దె పోతే పోనివ్వండి. అద్దెకొచ్చే మనిషిని అడగాల్సినవి మూడే: పనేమిటి, ఎంతమంది ఉంటారు, అద్దె ఏ తేదీకి ఇస్తారు.

కార్యకర్తలు చెయ్యాల్సిన పని

ప్రతి కాలనీలో ఒక సాయంత్రం కూర్చుని ఇంటింటి పట్టాలు తీయించి చదవండి. పేరు తప్పు పడినవి, చనిపోయినవాళ్ళ పేర మిగిలినవి, సర్వే నంబరు కలవనివి విడిగా రాసుకోండి. వాటికి కట్టగట్టి దరఖాస్తులు పెట్టండి. 1987 న్యాయ సేవల చట్టం కింద ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. ఏ కోర్టులోనైనా న్యాయ సేవల కమిటీని అడగొచ్చు. ఇది తెలియక మనవాళ్ళు వకీలు ఫీజుకి భయపడి అన్యాయపు రాజీలకి ఒప్పుకుంటున్నారు.

ఉపన్యాసాలు తర్వాత ఇద్దాం. వచ్చే పదిహేను రోజుల్లో మీ బజారులో పట్టాలు ఎన్ని చదివారో లెక్క రాసి పంపండి. ఏ పట్టాలో ఏ చిక్కు ఉందో వచ్చే సంచికల్లో ఒక్కొక్కటీ మాట్లాడుకుందాం.